చచ్చేవాడి లెక్క

ఎఫ్రాయిమ్ క్రాబ్‌ట్రీని ఇరవై ఆరేళ్ళపాటు వారానికి ఆరు సాయంత్రాలు చంపారు. కత్తితో పొడిచారు, పిస్తోలుతో కాల్చారు, బొగ్గుగని నోట్లోకి తోశారు, ఒక సీజనంతా రంపపు మిల్లులో కోశారు. ఆదివారం ఒక్కరోజే చావు ఉండేది కాదు. ఆ రోజు నాటకాల కంపెనీ పెట్టెలు సర్దుకుని రైలెక్కి ఇంకో మిల్లుల ఊరికి పోయేది.

దుర్మార్గుడి వేషం అతనిది. విగన్‌లో, ఓల్డమ్‌లో, రోచ్‌డేల్‌లో అతని మొహం తెలియనివాళ్ళు లేరు, ఆ మొహాన్ని చూసి ఒక్క మంచి మాట అన్నవాళ్ళూ లేరు. స్టేజి మీదికి అడుగు పెట్టగానే పైన చౌక టికెట్ల గ్యాలరీ మొత్తం పాములా బుస కొట్టేది. అక్కడ కూచునేవాళ్ళు బయట బండి దగ్గర ఉడికించిన పంది కాళ్ళు కొనుక్కుని లోపలికి తెచ్చుకునేవాళ్ళు. మాంసం వాళ్ళకి, ఎముకలు ఎఫ్రాయిమ్‌కి. ఏ సాయంత్రమైనా ఎముకలు పడకపోతే అతను దిగులుగా లోపలికొచ్చి, "ఇవాళ సరిగ్గా చెయ్యలేదేమో" అనేవాడు.

బార్న్‌స్లీలో ఒకసారి అతను హీరోయిన్ గొంతు పిసుకుతుంటే ఒక గనికార్మికుడు చూడలేక, దీపాల వరస దాటి స్టేజి ఎక్కి, అతని మూతి మీద గుద్దాడు. రెండు పళ్ళు ఊడాయి. ఎఫ్రాయిమ్ ఆ పళ్ళు ఏరి జేబులో వేసుకున్నాడు, కార్మికుణ్ణి నలుగురు లాక్కుపోయేదాకా ఆగాడు, గొంతు పిసకడం ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచి మొదలుపెట్టి పూర్తి చేశాడు. ఆ తర్వాతే లోపలికి పోయి రక్తం ఉమ్మాడు.

దెబ్బలు అతనికి కొత్త కాదు. లీ అనే గనుల ఊళ్ళో పుట్టాడు. తండ్రి పొద్దున గనిలో దిగేవాడు, శనివారాలు బీరు దుకాణం వెనక చెక్కబూట్ల పందెంలో దిగేవాడు. అడుగున గుర్రపు నాడాలాంటి ఇనపపట్టీ ఉన్న చెక్కబూట్లు వేసుకుని, ఇద్దరు మగాళ్ళు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, మోకాలి కింద ఎముక మీద తన్నుకోవాలి. ముందు "చాలు" అన్నవాడు ఓడినట్టు. ఎఫ్రాయిమ్ తండ్రి తన జన్మలో ఆ మాట అనలేదు. అననందువల్లే ఒక మార్చి నెలలో కాలు కుళ్ళి, ఊరంతా వినేలా అరిచి, చచ్చిపోయాడు. శవపేటిక పక్కన నిలబడి పందెం స్నేహితులు ఎఫ్రాయిమ్ వీపు తట్టి, "మీ నాన్న మొనగాడు. ఒక్కసారీ చాలు అనలేదురా" అని మెచ్చుకున్నారు. కొడుక్కి అదే ఆస్తి.

ఇరవై మూడేళ్ళకి గని వదిలేసి కంపెనీలో పెట్టెలు మోసేవాడిగా చేరాడు. అతనికి కత్తి పట్టడం నేర్పింది జాబెజ్ ఓర్మ్ అనే ముసలి నటుడు. ఆ కాలంలో కత్తియుద్ధానికి రిహార్సల్ ఏమీ ఉండేది కాదు. కొత్తవాడు కంపెనీలోకి వస్తే "ఎనిమిది వచ్చా?" అని అడిగేవాళ్ళు. వస్తే ఆ సాయంత్రమే కత్తి చేతికిచ్చేవాళ్ళు. ఒకటి, రెండు తల మీద. మూడు, నాలుగు కాళ్ళ మీద. ఐదు కుడి భుజం, ఆరు ఎడమ భుజం. ఏడు, మొహం ఎత్తులో గుండ్రంగా తిప్పే వేటు. అప్పుడు చచ్చేవాడు నడుం దాకా వంగాలి. ఎనిమిది, చంక సందులోంచి పోటు. ఇక పడిపోవడమే. కత్తులకు పదును ఉండదు గానీ ఉక్కు ఉక్కే. ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి కొట్టుకుని అంచులు రంపంలా పళ్ళు తేలి ఉండేవి.

జాబెజ్ చేతికి మూడు వేళ్ళే ఉండేవి. మిగతా రెండూ హల్ పట్టణంలో స్టేజి మీద రాలిపోయాయి.

"ఎందుకు పోయాయో తెలుసా?" అన్నాడు మొదటి రోజే. "లెక్క చంపేవాడికి వదిలేశాను. చచ్చేవాడే లెక్క పెట్టాలిరా ఎఫ్రాయిమ్. చంపేవాడికి ఆవేశం వస్తుంది, గ్యాలరీ ఈలలు వేస్తే ఒళ్ళు తెలీదు. చచ్చేవాడికి భయం ఉంటుంది. భయం ఉన్నవాడు లెక్క తప్పడు."

"మేనేజరు తొందరపెడితేనో?"

"తెరదించే వేళ దాటితే వాడు పక్కనుంచి కర్రతో నేలమీద రెండుసార్లు కొడతాడు, కుదించమని. కొట్టుకోనీ. నువ్వు నీ నోటితో 'ఏడు' అన్నాకే ఎదుటివాడు ఏడు తిప్పాలి. నువ్వు అనకపోతే వాడు చెట్టులా నిలబడాలి. నిలబడలేదా, మర్నాడు వాడి బూట్లలో మేకులు వెయ్యి."

అలా అతను గడ్డం మాటున పెదవులు కదుపుతూ లెక్క పెట్టడం నేర్చుకున్నాడు. ముందు వరసలో కూచున్నవాడికి కూడా వినపడేది కాదు. ఎదుటివాడికి మాత్రం స్పష్టంగా వినపడేది. ఇరవై ఏళ్ళలో అతని చేతుల్లో ఒక్కడికీ గీత పడలేదు, అతని ఒంటి మీదా పడలేదు.

కన్ను పోయింది కత్తి వల్ల కాదు.

విగన్‌లో, ఎడ్వర్డ్ రాజు కొత్తగా గద్దెనెక్కిన రోజుల్లో, ఒక సోమవారం. నాటకంలో అతను భూస్వామి. చంటిబిడ్డతో ఉన్న వితంతువుని మంచులోకి గెంటుతూ, "అద్దె! నా అద్దె ఇప్పుడే కావాలి!" అని గర్జించాడు. గ్యాలరీలో ఒక నేతమిల్లు ఆడమనిషి లేచి నిలబడింది.

"ఇదుగో నీ అద్దె, దొంగనాయాలా!"

ఆమె చెక్కబూటు గిరగిరా తిరుగుతూ వచ్చి అతని ఎడమ కన్ను మీద తగిలింది. ఇనపపట్టీ వైపు. ఎఫ్రాయిమ్ మోకాళ్ళ మీద పడ్డాడు. హాలంతా లేచి కేకలు, చప్పట్లు. అతను గోడ పట్టుకుని లేచి, చెంప మీద కారేదాన్ని చేత్తో తుడిచి, వితంతువుని గెంటడం ముగించి, మూడో అంకంలో ఎనిమిది దెబ్బలూ లెక్కపెట్టి చచ్చాడు. అంత గొప్పగా ఎప్పుడూ చావలేదని మేనేజరు అన్నాడు.

వాపు తగ్గింది. చూపు రాలేదు. బయటికి చూస్తే కన్ను బాగానే ఉన్నట్టు కనపడేది. ఆ సంగతి తెలిసింది ఒక్క సెలీనాకి. సెలీనా అతని భార్య, కంపెనీలో బట్టలు కుట్టేది, వేషధారులు తక్కువైతే ముసలి తల్లి వేషం కట్టేది.

"మేనేజరుతో చెప్పు" అంది.

"చెబితే ఏమవుతుందే? కత్తి లాక్కుంటారు. కుర్చీలో కూచోబెట్టి హీరోయిన్ తండ్రి వేషం ఇస్తారు. మూడంకాలూ దగ్గుతూ కూచోవాలి."

"దగ్గితే ప్రాణం పోతుందా?"

"నేను మనుషుల్ని చంపి చచ్చేవాణ్ణి. దగ్గేవాణ్ణి కాను."

మర్నాటి నుంచి ప్రతి ఉదయం, అద్దెగదిలో బఠాణీ ముద్ద తినడం అవగానే, సెలీనా రొట్టెలకర్ర పట్టుకుని అతని ఎడమ పక్కన నిలబడేది. అతను లెక్క పెట్టాలి, ఆమె వరస ప్రకారం కొట్టాలి.

"ఆరు" అనేవాడు అతను. ఆరో దెబ్బ గుడ్డి వైపు నుంచి వచ్చేది.

"చెయ్యి కిందుంది, ఎత్తు" అని భుజం మీద నిజంగానే ఒకటి వేసేది. "వాళ్ళ చేతుల్లో చావకుండా నా చేతుల్లో చస్తావు నువ్వు."

"ఎవరి చేతుల్లో చచ్చినా లెక్క నాదే."

రెండు నెలల్లో అతనికి చూపుతో పని లేకుండా పోయింది. ఏ దెబ్బ ఎప్పుడు వస్తుందో చెప్పేది తన నోరే. తన నోరు చెప్పాకే అది వస్తుంది. ఇంక చూడటానికి ఏముంది? ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి, ఒక్కడూ కనిపెట్టలేదు.

ఆ ఎనిమిదేళ్ళలో గ్యాలరీలు పలచబడ్డాయి. జనం తెర మీద కదిలే సినిమా బొమ్మలు చూడటానికి పోతున్నారు. ప్రెస్టన్‌లో ఒక శుక్రవారం మేనేజరు వెనక తలుపులోంచి మాయమయ్యాడు, దుస్తుల పెట్టెలతో సహా. నలభై తొమ్మిదేళ్ళ ఎఫ్రాయిమ్ విలన్ కోటు మీదే వీధిలో నిలబడ్డాడు. నెల తిరక్కుండా దక్షిణాన ససెక్స్ తీరం నుంచి కబురొచ్చింది. పర్సీ విట్‌కమ్ అనే ఆయన, ఒకప్పుడు పెళ్ళి ఫొటోలు తీసేవాడు, ఇప్పుడు సినిమాలు తీస్తున్నాడు. స్మగ్లర్ల కథ. సముద్రం ఒడ్డున రాళ్ళ మీద కత్తియుద్ధం. గడ్డం ఉన్న మొరటు మనిషి కావాలి, బాగా పడిపోవడం తెలిసి ఉండాలి.

"అక్కడైనా చెప్పు" అంది సెలీనా, అతని మఫ్లర్ మెడకు చుడుతూ.

"అక్కడ కుర్చీ వేషం కూడా ఉండదు. చెప్పిన రోజే వెనక్కి పంపేస్తారు. మళ్ళీ గనిలోకి దిగమంటావా ఈ వయసులో?"

ఆమె మఫ్లర్ ముడి కొంచెం గట్టిగా బిగించింది.

విట్‌కమ్ హీరో పేరు లయొనెల్ పాస్కో. ఇరవై నాలుగేళ్ళు, పొడుగాటి కాళ్ళు, ఆగని నోరు. ఒడ్డున కత్తులు చేతికివ్వగానే ఎఫ్రాయిమ్‌ని చూసి పెద్దగా నవ్వాడు.

"పెద్దాయనా, మీరు నన్ను బోల్టన్‌లో చంపారు! గుర్తుందా? నేనప్పుడు రెండో సైనికుణ్ణి."

"చాలామందిని చంపాను బాబూ."

"నా మెడ మీద కాలు కూడా పెట్టారు. వారంపాటు మింగలేకపోయాను."

"పాత్రలో ఉంది. ఎనిమిది వచ్చా నీకు?"

"రాకపోతే ఇన్నాళ్ళు బతుకుతానా? మీరు లెక్క పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా."

వాళ్ళిద్దరి మధ్యా అంతకుమించి మాట జరగలేదు. నాటకాలవాళ్ళకి అంతకుమించి అక్కర్లేదు కూడా. ఎనిమిది అంటే ఎనిమిదే, ఏ ఊరివాడికైనా.

ఒకసారి కత్తులు ఊరికే తిప్పి చూశారు. కెమెరా పదడుగుల దూరంలో ఉంది. విట్‌కమ్ చెయ్యెత్తి ఆపాడు.

"మిస్టర్ క్రాబ్‌ట్రీ, మీ పెదాలు కదులుతున్నాయి."

"కదలాలి సార్. లెక్క పెడుతున్నాను."

"ఏం లెక్క?"

"దెబ్బల లెక్క. చచ్చేవాడు పెట్టాలి."

"తెర మీద మీ తల బండిచక్రమంత కనపడుతుంది. చూసేవాళ్ళకి మీరు ప్రార్థన చేసుకుంటున్నట్టు ఉంటుంది. స్మగ్లర్ ప్రార్థన చేసుకుంటూ పోట్లాడతాడా? నోరు మూసుకోండి."

లయొనెల్ తల గోక్కున్నాడు. "ఆయన నోరు మూస్తే మేం ఎక్కడున్నామో నాకెట్లా తెలుస్తుంది సార్?"

"చూసి తెలుసుకోండి. ఇద్దరికీ కళ్ళున్నాయిగా."

ఎఫ్రాయిమ్ సముద్రం వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. చెప్పడానికి అది తగిన సమయం. లయొనెల్ వినేవాడే, విట్‌కమ్ కూడా చెడ్డవాడు కాదు. "నాకు ఒక్కటే ఉంది సార్" అంటే సరిపోయేది. అతను రాయి మీద కత్తి మొన ఆనించి, "మనసులో లెక్కపెట్టుకుంటాం లెండి" అన్నాడు.

తర్వాత విట్‌కమ్ ఇద్దర్నీ భుజాలు పట్టి తిప్పాడు. సినిమాకి ఎండ మొహాల మీద పడాలి. స్టేజి మీద వెలుతురు కాళ్ళ దగ్గర్నుంచి వచ్చేది. ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎఫ్రాయిమ్ కుడి కంట్లోకి సూటిగా దిగాడు. తడిసిన రాళ్ళ మీంచి ఇంకో నాలుగు సూర్యుళ్ళు కింద నుంచి పొడిచాయి. లయొనెల్ తెల్లచొక్కా ఒక మరకలాగా, కత్తి ఒక మెరుపులాగా తప్ప ఏమీ కనపడలేదు.

ఎడమ కన్ను విగన్‌లో పోయింది. నోరు ఇప్పుడే కట్టేశారు. కుడి కంట్లో సూర్యుడు. అయినా అతను భుజాలు విదిలించుకుని నిలబడ్డాడు, తండ్రి బీరు దుకాణం వెనక నిలబడ్డట్టు.

కెమెరా మీట తిరగడం మొదలైంది.

ఒకటి. ఉక్కు మీద ఉక్కు మోగింది. రెండు. లయొనెల్ చెయ్యి బలంగా ఉంది, దెబ్బ మోచేతిదాకా జల్లుమంది. ఎఫ్రాయిమ్‌కి సంతోషమేసింది, మంచి చెయ్యి, నమ్మదగిన చెయ్యి. మూడు. నాలుగు. పాచిరాయి మీద మడమ జారింది, నిలదొక్కుకున్నాడు. ఐదు. నిప్పురవ్వ లేచింది. గడ్డం కింద చెమట. అతను పదిహేనేళ్ళు చిన్నవాడయ్యాడు.

"ఫిల్మ్ అయిపోతోంది!" విట్‌కమ్ అరిచాడు. "తొందరగా! ముగించండి!"

లయొనెల్ చిన్నప్పటి నుంచి స్టేజి మీదే పెరిగినవాడు. పక్కనుంచి ఆ మాట వస్తే ఏం చెయ్యాలో అతని చేతికి తెలుసు. ఆరు వదిలేసి ఏడు. ఎదుటివాడి నోటి మాట కోసం ఆగాలని కూడా తెలుసు. కానీ ఎదుటివాడి నోరు మూసుంది.

ఎఫ్రాయిమ్ ఆరులో ఉన్నాడు. లెక్క తనది, తను ఏడు అనలేదు, కాబట్టి ఏడు లేదు. కత్తి ఎడమ భుజం దగ్గరకెత్తి, తల నిటారుగా పెట్టి, రావలసిన దెబ్బ కోసం నిలబడ్డాడు. అది కుడి నుంచి వచ్చింది, మొహం ఎత్తులో, గుండ్రంగా, కుర్రవాడి భుజబలమంతా వేసుకుని. రంపంలాంటి అంచు కనుబొమ దగ్గర ఎముకకు తగిలి, కన్ను మీదుగా జారి, ముక్కు దాకా చీల్చింది.

చప్పుడు లేదు. అది అతనికి బాగా గుర్తు. తడిబట్ట నేలమీద పడ్డంత చప్పుడు కూడా లేదు.

అతను వెనక్కి పడ్డాడు. ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ, మోకాలు, తుంటి, భుజం, తల, వరస తప్పకుండా పడ్డాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. లయొనెల్ పాత్రలో ఉన్నట్టే అతని ఛాతీ మీద కాలు పెట్టాడు, కత్తి ఆకాశంలోకి ఎత్తాడు, నవ్వుతూ కిందికి చూశాడు. చూసి, కత్తి వదిలేసి, రాళ్ళ మీద కూచుని వాంతి చేసుకున్నాడు. ఫిల్మ్ అక్కడ అయిపోయింది.

"అద్భుతం!" అన్నాడు విట్‌కమ్. అప్పటికి అతను దగ్గరికి రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరు రెండు రోజులు చూసి, కుడి కన్ను తీసేశాడు. తీస్తూ ఎడమ దాన్ని కూడా పరీక్షించి, "ఇది ఎప్పుడో పోయిందే!" అన్నాడు, గది నిండా నర్సులుండగా. అలా ఆ సంగతి లోకానికి తెలిసింది. సెలీనా మూడు రైళ్ళు మారి వచ్చింది. మంచం పక్కన కూచుని అతని చెయ్యి పట్టుకోలేదు, తిట్టలేదు. అతని చొక్కాకి తెగిపోయిన గుండీలు కుట్టింది.

లయొనెల్ మూడో రోజు వచ్చాడు. నాలుగు నారింజపళ్ళు తెచ్చాడు. పొట్లం మంచం మీద పెట్టాడు.

"ఎందుకు చెప్పలేదు పెద్దాయనా?"

"నువ్వెందుకు ఆగలేదు? నేను ఏడు అన్నానా?"

"మీ నోరు కట్టేశారుగా! ఎవరి మాట కోసం ఆగాలి నేను?"

"నా మాట కోసమే."

"కన్ను లేదని ఒక్క మాట అంటే వంగే వేటు తీసేసేవాళ్ళంగా. ఒక్క మాట. నేను... నాకు నిద్ర పట్టడం లేదు సార్. ఆ చెయ్యి చూసుకుంటే..."

సెలీనా సూది ఆపింది. "ఒరే అబ్బాయ్, ఏడవాలంటే బయటికెళ్ళి ఏడువు. తప్పు నీలో సగం, ఈయనలో సగం. ఈయన సగానికి ఈయన మొహం ఇచ్చాడు. నీ సగం నువ్వు మొయ్యి."

లయొనెల్ లేచాడు. ఎఫ్రాయిమ్ కట్టు కింద నుంచి అన్నాడు: "చెయ్యి మంచిదే బాబూ. రెండో దెబ్బ బాగా వేశావు. కత్తి మానెయ్యకు."

విట్‌కమ్ ఆ ముక్క పారెయ్యలేదు. కాలు ఛాతీ మీద పెట్టి నవ్వే చోట ఆపేసి, మిగతాది కత్తిరించి, బొమ్మ పూర్తి చేశాడు. దేశమంతా ఆడింది. అంత నిజంగా చచ్చినవాణ్ణి ఇంతవరకూ చూడలేదని జనం చెప్పుకున్నారు.

లీలో ఒక గదిలో ఎఫ్రాయిమ్ ఏడు నెలలు కుర్చీలో కూచున్నాడు. అతను ఏ వేషానికి భయపడ్డాడో అదే దొరికింది, దగ్గు ఒక్కటే తక్కువ. సెలీనా మిల్లువాళ్ళ బట్టలు కుట్టేది. ఒకరోజు పనిలోంచి వచ్చి, నెత్తిమీది బోనెట్ తీయకుండానే చెప్పింది. విగన్ థియేటరుని బొమ్మల హాలు చేశారట. తెర వెనక నిలబడి ఆ మూగ బొమ్మలకి చప్పుళ్ళు చేసే మనిషి కావాలట. గుర్రాలు, ఉరుములు, తలుపులు, తుపాకులు. వచ్చే వారం స్మగ్లర్ల బొమ్మ వేస్తున్నారట.

హాలు నడిపే గ్రిమ్‌షా గుడ్డివాణ్ణి చూసి నోరు చప్పరించాడు.

"తెర మీద ఏం జరుగుతోందో మీకెట్లా తెలుస్తుందయ్యా?"

"మిగతావి నా భార్య చెబుతుంది. కత్తియుద్ధం నాకు చెప్పక్కర్లేదు. స్టేజి మీద మనుషులు రోజుకో రకంగా కొడతారు. బొమ్మలో ఎప్పటికీ ఒకటే. మొదటి దెబ్బకి ఆమె నా భుజం ముట్టుకుంటే చాలు."

"నేను నీ మొహం ఎరుగుదును." గ్రిమ్‌షా గొంతు మారింది. "ఇక్కడే గ్యాలరీ మెట్ల దగ్గర టికెట్లు చింపేవాణ్ణి. ఆ బూటు విసిరినావిడ మా అత్తగారి పక్కింట్లోనే. పాపం వానలో ఒంటికాలి బూటుతో ఇంటికి పోయింది."

"బూటు నా దగ్గరే ఉంది" అన్నాడు ఎఫ్రాయిమ్, సంచిలోంచి తీసి బల్లమీద పెడుతూ. ఇనపపట్టీతో బల్ల మీద టకటకమనిపించాడు. గుర్రం అచ్చంగా గదిలోకి వచ్చి ఆగింది. గ్రిమ్‌షా ఉద్యోగం ఇచ్చాడు.

శనివారం మధ్యాహ్నం రిహార్సల్. రెండు కత్తులు చెరో చేత్తో పట్టుకుని, ఎఫ్రాయిమ్ తెర వెనక నిలబడి, సెలీనా చెయ్యి భుజానికి తగలగానే మొదలుపెట్టాడు. ఐదు మోతలు. తర్వాత ఆగిపోయాడు.

"ఏమైంది?" గ్రిమ్‌షా హాల్లోంచి అరిచాడు. "ఇంకా ఉందిగా! వేటు వేస్తున్నాడు, వెయ్యి!"

"ఐదే సార్."

"ఎనిమిది ఉంటాయని నువ్వే చెప్పావు."

"స్టేజి మీద ఎనిమిది. అక్కడ ఐదే పడ్డాయి. ఆరు రాలేదు. ఏడుకి చప్పుడు లేదు."

"జనం ఆ వేటు కోసమే వస్తున్నారయ్యా! దానికి చప్పుడు లేకపోతే ఎట్లా? క్యాబేజీ మీద గొడ్డలి వెయ్యి, కుండ పగలగొట్టు, ఏదో ఒకటి చెయ్యి!"

"నేను అక్కడున్నాను మిస్టర్ గ్రిమ్‌షా. చప్పుడు లేదు."

"చప్పుడు చెయ్యకపోతే సోమవారం ఇంకొకణ్ణి చూసుకుంటాను."

ఎఫ్రాయిమ్ కత్తులు దించాడు. సెలీనా అతని మొహంలోకి చూసింది. ఆ మొహంలో చూడటానికి మిగిలింది దవడ ఒక్కటే, అది తండ్రిది. ఈసారి ఆమె ఊరుకోలేదు. అతని మోచెయ్యి గిల్లింది.

"నోరు విప్పి చెప్పు. అప్పుడూ ఇట్లాగే మింగావు."

అతను ఊపిరి తీసుకుని, హాలు వైపు తిరిగాడు. "సార్. నాకు ఈ పని కావాలి. ఇది పోతే నాకు ఇంకేం లేదు. కుర్చీలో కూచోలేను. ఒక్క ఆట నా పద్ధతిలో చెయ్యనివ్వండి. గ్యాలరీ బుస కొట్టకపోతే ఆ క్యాబేజీ నేనే తెచ్చుకుంటాను."

నలభై తొమ్మిదేళ్ళ నటుడి నోట అలాంటి మాట మొదటిసారి వచ్చింది. గ్రిమ్‌షా కొంచెంసేపు తాళంచెవులు ఆడించి, "ఒక్క ఆట" అన్నాడు.

సోమవారం సాయంత్రం గ్యాలరీ నిండింది. సముద్రం తెర మీదికి రాగానే సెలీనా రేకు పళ్ళెంలో గులకరాళ్ళు దొర్లించింది. గడ్డం స్మగ్లర్ రాళ్ళ మీదికి దూకాడు. గ్యాలరీ బుస మొదలైంది. సెలీనా అతని భుజం ముట్టుకుంది.

"ఒకటి" అన్నాడు ఎఫ్రాయిమ్. ఇక్కడ పెదాలు మూసుకోమనేవాడు లేడు. గట్టిగానే అన్నాడు. ఉక్కు మోగింది. "రెండు." హాలు కదిలింది. "మూడు." గ్యాలరీలో ఎవరో అతనితో కలిసి అన్నారు. "నాలుగు" పదిమంది అన్నారు. "ఐదు" అన్నది హాలంతా.

"ఆరు" అన్నాడతను. కత్తి మోగలేదు.

హాలు ఆరు అని అరిచి, మోత కోసం ఆగింది. మోత రాలేదు. తెర మీద వేటు తిరిగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఆడమనిషి "అయ్యో దేవుడా" అంది. అప్పుడు ఎఫ్రాయిమ్ కత్తులు వదిలేసి, చెక్క నేల మీద పడ్డాడు, మోకాలు, తుంటి, భుజం, తల. ఆ చప్పుడుకి ముందు వరసలో బెంచీలు అదిరాయి.

తర్వాత పైనుంచి బుస, ఈలలు, బూతులు, కాళ్ళతో తొక్కుడు. తెరకి అవతలి వైపు ఏదో టప్పున తగిలి కిందికి జారింది.

"ఏం పడింది?" నేల మీంచి అడిగాడు.

సెలీనా తెర అంచు ఎత్తి చూసింది. "ఎముక. పంది కాలు."

"మాంసం ఉందా దాని మీద?"

"శుభ్రంగా తినేశాడు."

"మన గ్యాలరీయే" అన్నాడు ఎఫ్రాయిమ్, చెయ్యి చాపుతూ. "లేపవే. రెండో ఆటకి మళ్ళీ చావాలి."